అమ్మ చేసిన మొక్కుబడికి లోబడకపోతే దేవునికి అవిధేయుణ్ణి అయినట్లేనా?

ప్రశ్న అడిగినవారు: బడిపంతులు, ప్రకాశం జిల్లా

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

నేను పుట్టిన మూడో నెలలో నాకు న్యుమోనియా వచ్చి ఊపిరి అందక, డాక్టర్లు ఆశ వదులుకోమని చెప్పిన రాత్రి, మా అమ్మ ఆసుపత్రి వరండాలో మోకరించి, ఈ బిడ్డను బ్రతికిస్తే నీ సేవకే ఇచ్చేస్తాను ప్రభువా అని మొక్కుకుంది. నేను బ్రతికాను. మా సంఘంలో ఈ సాక్ష్యం తెలియనివారు లేరు. ఆదివారపు బడిలో, బిడ్డ కోసం మొక్కుకొని పుట్టిన కొడుకును దేవుని మందిరానికి ఇచ్చేసిన హన్నా, ఆ కొడుకు సమూయేలుల పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలందరూ నావైపు తిరిగి చూసేవారు.

ఇంటర్మీడియట్ తరువాత అమ్మ కోరిక మేరకు ఒక వేదాంత కళాశాలలో చేరి, ఎనిమిది నెలలకే తిరిగి వచ్చేశాను. అక్కడ నాకు ఎవరూ ఏ కీడూ చేయలేదు. వాక్యం చెప్పడానికి నిలబడిన ప్రతిసారీ నోట మాట రాకపోవడమే కాక, ఈ పని నాది కాదన్న భావం లోపల బలపడుతూ వచ్చింది. తరువాత డీఎడ్ చదివి, డీఎస్సీలో ఎంపికై, ఇప్పుడు ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. నా వయస్సు 31. ఆదివారాలు సంఘంలో చిన్నపిల్లలకు పాఠం చెబుతాను.

నాన్న లేరు. అమ్మకు రెండేళ్ళుగా మూత్రపిండాలు పనిచేయడం లేదు. వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయిస్తున్నాం, ఆ వైద్యం నా ఉద్యోగపు హెల్త్ కార్డు మీదే నడుస్తోంది. గత నెలలో మా ఇంట్లో జరిగిన ప్రార్థన కూడికకు వచ్చిన ఒక సువార్తికుడు బైబిలులోని ప్రసంగి గ్రంథం 5వ అధ్యాయం చదివి, చెల్లించని మొక్కుబడి ఉన్న ఇంట్లో స్వస్థత నిలవదని చెప్పారు. ఆ రోజు నుంచి అమ్మ తన జబ్బుకు కారణం అదేనని నమ్ముతోంది. నన్ను ఒక్క మాట అనదు గాని, అర్ధరాత్రి లేచి ఏడుస్తూ ప్రార్థించడం నాకు వినబడుతుంది. పైగా ఈ జనవరి 1న సంఘంలో, కొత్త ఏటికి ఒక్కొక్కరు ఒక్కో వచనం తీసుకొనే వాగ్దానపు కార్డులో నాకు వచ్చినది యెషయా 1:19, "మీరు సమ్మతించి నా మాట వినినయెడల" అన్న వచనం. ఆ కార్డు నా బైబిలులోనే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా గుండె బరువెక్కుతోంది.

నేను తప్పించుకొనే దారి అడగడం లేదు. దేవుని చిత్తానికి లోబడాలనే నాకు ఉంది. అయితే అమ్మ మొక్కుబడి, ఆ సువార్తికుని మాట, చేతికి వచ్చిన కార్డు, నాకు లోపల తోచేది, వీటన్నిటిలో దేవుని చిత్తం ఏదో, నేను దేనికి లోబడాలో తెలియడం లేదు. వాక్యం తెలిసిన పెద్దలు చెప్పగలరని అడుగుతున్నాను.


జవాబు: విశ్రాంత కాపరి

బాబూ, నీ ప్రశ్న చదివి చాలాసేపు ప్రార్థించిన తరువాతే ఇది వ్రాస్తున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా కాపరిగా ఉన్నాను. "మా అమ్మ నన్ను సేవకు ఇచ్చింది" అంటూ నా దగ్గరికి వచ్చిన యౌవనస్థులు చాలామంది. వారిలో కొందరు ప్రభువు చేతిలో గొప్పగా వాడబడ్డారు, కొందరు పిలుపు లేకుండానే పులిపీఠం (ప్రసంగ వేదిక) ఎక్కి తామూ నలిగి సంఘాన్నీ నలగగొట్టారు.

మొదట ఆ ప్రసంగి 5వ అధ్యాయాన్నే జాగ్రత్తగా చదువు. మొక్కుకొన్నవాడే చెల్లించాలని అక్కడ ఉంది. ఒకరు మొక్కుకొంటే మరొకరు చెల్లించాలని లేదు. ఆ మాటలకు ముందు రెండో వచనంలో, దేవుని సన్నిధిలో తొందరపడి నోరు తెరవవద్దన్న హెచ్చరిక కూడా ఉంది. దాన్ని వదిలిపెట్టి నాలుగో వచనం ఒక్కటే ఎత్తి రోగి ముందు చదవడం నాకు బాధ కలిగించింది. ఇక లేవీయకాండము 27వ అధ్యాయం చూడు. ఒక మనిషిని దేవునికి మొక్కుకొన్నప్పుడు అతనికి వెల కట్టి, ఆ వెల చెల్లించి మొక్కుబడి తీర్చుకోవచ్చని ధర్మశాస్త్రమే ఏర్పాటు చేసింది. ఇరవై నుంచి అరవై ఏళ్ళ పురుషునికి 50 తులముల వెండి, నెల మొదలు ఐదేళ్ళలోపు మగపిల్లవానికి 5 తులములు. అంత ఇచ్చుకోలేని బీదవాని విషయంలో, మొక్కుకొన్నవాని స్తోమతను బట్టి యాజకుడు వెల నిర్ణయించాలి. మన వెలను సిలువ మీద చెల్లించినవాడు ఉండగా ఇప్పుడు మనం వెండి తూచనవసరం లేదు. అయితే మొక్కుబడిగా ఇచ్చిన మనిషిని బందీగా పట్టి ఉంచడం దేవుని ఉద్దేశం కాదని ఆ అధ్యాయం నాకు నేర్పింది.

హన్నా మాటకు వద్దాం. మనం ఆమె మొక్కుబడిని గురించి చాలా మాట్లాడుతాం గాని, మొదటి సమూయేలు గ్రంథం మూడో అధ్యాయంలో జరిగినదాన్ని తేలికగా దాటేస్తాం. తల్లి సమూయేలును షిలోహులోని మందిరం వరకు తీసుకువెళ్ళగలిగింది. అతడు మందిరంలో పెరిగాడు, యాజకుల వస్త్రమైన ఏఫోదు ధరించాడు, యాజకుడైన ఏలీ యెదుట పరిచర్య చేశాడు. అంత జరిగాక కూడా "సమూయేలు అప్పటికి యెహోవాను ఎరుగకుండెను" అని 3:7లో ఉంది. దేవుడే వచ్చి అతణ్ణి పేరుపెట్టి పిలవవలసి వచ్చింది, ఒకసారి కాదు, నాలుగుసార్లు. "నీ దాసుడు ఆలకించుచున్నాడు, ఆజ్ఞయిమ్ము" అన్నది అతని సొంత నోటి మాట. ఆ మాటను అతని బదులు హన్నా పలకలేదు, పలకగలిగేదీ కాదు.

ఇదే సమూయేలు ముసలివాడయ్యాక తన కుమారులు యోవేలును, అబీయాను బెయేర్షెబాలో న్యాయాధిపతులుగా నియమించాడు. వారు లంచాలు పుచ్చుకొని న్యాయాన్ని తలక్రిందులు చేశారని 8వ అధ్యాయం చెబుతుంది. అంతటి దైవజనుడు పెట్టిన నియామకం కూడా పిలుపుగా మారలేదు. పిల్లలను సేవకు నియమించే తలిదండ్రులందరూ ఈ రెండు అధ్యాయాలనూ కలిపి చదవాలని నేను ఎప్పుడూ చెబుతుంటాను.

కార్డు విషయం. ఆ వచనం దేవుని మాటే, సందేహం లేదు. అయితే దానికి ముందున్న వచనాలు ఏ మాట వినమంటున్నాయో చూడు: కీడు మానుడి, మేలు చేయ నేర్చుకొనుడి, న్యాయము జాగ్రత్తగా విచారించుడి, విధవరాలి పక్షముగా వాదించుడి. నీ ఇంట్లో డయాలసిస్ మంచం మీద ఉన్న విధవరాలు ఎవరో నేను చెప్పనక్కరలేదు. మార్కు 7వ అధ్యాయంలో, తలిదండ్రులకు చెందవలసినదాన్ని "కొర్బాను" అనగా దేవార్పితమని చెప్పి వారిని విడిచిపెట్టినవారిని ప్రభువు ఎంత కఠినంగా గద్దించాడో అదీ చదువు. ఉద్యోగం వదిలి, ఆ హెల్త్ కార్డు పోగొట్టుకొని, అమ్మ వైద్యం ఆగిపోతే, దాన్ని విధేయత అనడానికి నాకు నోరు రావడం లేదు.


జవాబు: గుండ్లకమ్మ తీరవాసి

అయ్యగారు వ్రాసినదానితో చాలావరకు ఏకీభవిస్తున్నాను. అయినా సహోదరునితో ఒక కఠినమైన మాట చెప్పకుండా ఉండలేను. మాట రాకపోవడాన్ని పిలుపు లేదనడానికి రుజువుగా పెట్టుకోవద్దు. మోషే తాను నోటి మాంద్యము, నాలుక మాంద్యము గలవాడనన్నాడు, యిర్మీయా తాను బాలుడనన్నాడు. దేవుడు ఇద్దరి మాటా ఒప్పుకోలేదు. నేనూ నా యౌవనంలో ఆరేళ్ళపాటు "పిలుపు స్పష్టం కాలేదు" అంటూ కాలం గడిపాను. నిజానికి పిలుపు స్పష్టంగానే ఉంది, నాకు ఇష్టం లేనిది జీతం తగ్గడం. అందువల్ల అడుగుతున్నాను: ఆ ఎనిమిది నెలల తరువాత తిరిగి వచ్చినప్పుడు మీ లోపల ఉన్నది భయమా, సిగ్గా, లేక సమాధానమా? ఈ ప్రశ్నకు దేవుని యెదుట నిజమైన జవాబు చెప్పుకోకుండా, లేవీయకాండములో దొరికిన వెసులుబాటును పట్టుకోవడం మంచిది కాదు.

మరో సంగతి. మనం సేవ అనగానే పులిపీఠమే గుర్తుకు తెచ్చుకుంటాం. మన ప్రాంతపు చరిత్ర అలా లేదు. ఒంగోలులో మిషనరీగా పనిచేసిన జాన్ క్లౌ దొర యౌవనంలో అమెరికాలో భూముల సర్వే పని చేసినవాడు. 1876 నుంచి 1878 వరకు కరవు వచ్చినప్పుడు ఆయన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని కాంట్రాక్టుగా తీసుకొని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ పాత పని అనుభవం ఆ రోజున ఉపయోగపడింది. ఆ కరవు కాలంలో బాప్తిస్మం కోరి వచ్చినవారిని, అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని, ఆయన ఆపి ఉంచాడు. తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. లోబడడంలో వేచి ఉండడం కూడా భాగమేనని ఈ ఏటి ఒడ్డున పెరిగిన మాకు పెద్దలు చెప్పేవారు. దొరగారికంటె ముందుగా పల్లెపల్లెకూ నడిచి సువార్త చెప్పిన ఎర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ళ వ్యాపారి. ఆ తరువాత మన పేటల్లో వాక్యాన్ని నిలబెట్టినవారిలో ఎక్కువమంది పేటబడి పంతుళ్ళే. కాబట్టి బడిలో ఉండడం సేవకు బయట ఉండడమని ఎవరూ అనలేరు. బడిలో దాక్కొని ఉన్నారా, పంపబడి ఉన్నారా అన్నదే నా ప్రశ్న.


ప్రశ్న అడిగిన బడిపంతులు

అన్నగారూ, మీ మాట సూటిగా తగిలింది, కృతజ్ఞతలు. నిజం చెబుతాను. తిరిగి వచ్చినప్పుడు ఉన్నది సిగ్గే. సమాధానం అప్పుడు లేదు. అది తరువాత, మొదటిసారి మూడో తరగతి గదిలో నిలబడినప్పుడు వచ్చింది. అక్షరాలు రాని ఒక పిల్లవాడు రెండు నెలల తరువాత తన పేరు తాను వ్రాసుకొన్న రోజున, నన్ను దీనికే బ్రతికించావా ప్రభువా అని అనుకొన్నాను. ఇంతవరకు ఈ మాట ఎవరితోనూ చెప్పలేదు, అమ్మతో కూడా.


జవాబు: ఒక తల్లి, హైదరాబాదు

తమ్ముడూ, నేను మీ అమ్మగారి వైపు నుంచి వ్రాస్తున్నాను, ఎందుకంటే నేనూ అలా మొక్కుకొన్నదాన్నే. నాకు రెండు గర్భాలు పోయిన తరువాత కూతురు పుట్టింది. ఏడో నెలలోనే పుట్టిన ఆ పసిగుడ్డు అద్దాల పెట్టెలో ఉండగా, దీన్ని దక్కనిస్తే నీ సేవకురాలిగా పెంచుతానని చెప్పాను. ఆ రోజున నా నోట వచ్చినది భక్తి అని ఎన్నో ఏళ్ళు నమ్మాను. తరువాత నెమ్మదిగా తెలిసింది, అందులో భక్తి కంటె భయమే ఎక్కువని. ఏదో ఒకటి ఇస్తే తప్ప దేవుడు వినడేమోనన్న భయం. ఆయన నా మొక్కుబడిని చూసి కాదు, నా కన్నీటిని చూసి బిడ్డను ఇచ్చాడని ఒప్పుకోవడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది.

నా కూతురు ఫిజియోథెరపీ చదువుతానన్నప్పుడు నేను నెల రోజులు దానితో సరిగా మాట్లాడలేదు. అప్పుడు మా సంఘంలోని ఒక పెద్దావిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, "నువ్వు దేవునికి ఇచ్చేశానన్నావు గదా, ఇచ్చినదాన్ని ఇంకా నువ్వెందుకు పట్టుకొని కూర్చున్నావు? ఆయన చేతికి ఇచ్చాక ఆమెను ఎక్కడ పెట్టుకోవాలో ఆయన ఇష్టం" అన్నారు. ఆ మాట విని నేను ఏడ్చేశాను. అప్పటివరకు దేవుని చిత్తానికి లోబడవలసినది నా కూతురనుకొన్నాను, లోబడవలసినదాన్ని నేను. గెత్సేమనేలో ప్రభువు "నా యిష్టము కాదు, నీ చిత్తమే" అని తన విషయంలో చెప్పుకొన్నాడు, మరొకరి మెడ మీద పెట్టలేదు గదా.

ఇది మీ అమ్మగారికి మీరు పాఠంలా చెప్పవద్దు. కొడుకు నోట వింటే అది తప్పించుకోవడంలా వినిపిస్తుంది. మీ సంఘపు అమ్మగారినో, ఆమె వయస్సు గల మరో విశ్వాసినో పంపండి. మీరు మాత్రం ఇక్కడ వ్రాసిన ఆ మూడో తరగతి మాట ఆమెకు చెప్పండి. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమె ఎదురుచూస్తున్న జవాబు అదే కావచ్చు. ఇక జబ్బు విషయంలో, యోహాను 9వ అధ్యాయంలో పుట్టుగ్రుడ్డివాణ్ణి చూసి శిష్యులు వీడు పాపం చేశాడా, వీని కన్నవారా అని అడిగినప్పుడు, వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదని ప్రభువు చెప్పిన మాటను ఆమె పక్కన కూర్చొని చదివి వినిపించండి. ఆ సువార్తికుడు ఏ ఉద్దేశంతో అన్నారో నాకు తెలియదు, కాని మీ అమ్మగారు ఆ మాటను మోస్తూ ఇంకొక్క రాత్రి కూడా గడపకూడదు.


ప్రశ్న అడిగిన బడిపంతులు

అందరికీ మరొకసారి వందనాలు. శనివారం డయాలసిస్ జరుగుతుండగా అమ్మ పక్కన కూర్చొని యోహాను 9 చదివాను. తరువాత ఆ పిల్లవాడు పేరు వ్రాసుకొన్న సంగతి, ఆ రోజు నేను అనుకొన్న మాట చెప్పాను. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. మిషను ఆపాక, ఆ పిల్లవాని పేరేమిటని అడిగింది. చెప్పాను. నిన్న రాత్రి ప్రార్థనలో నా పేరుతో పాటు వాడి పేరు కూడా వినబడింది.

మొక్కుబడి సంగతి ఆమె ఇంకా ఎత్తలేదు, నేనూ తొందరపెట్టదలచుకోలేదు. మా కాపరిగారి భార్య వచ్చే బుధవారం ఇంటికి వస్తానన్నారు. గుండ్లకమ్మ అన్నగారు అడిగిన ప్రశ్నను నేను ఇంకా ప్రార్థనలో పెట్టుకొనే ఉన్నాను. ప్రభువు నన్ను ఈ బడి నుంచి మరొక చోటికి పిలిస్తే వెళ్ళడానికి సిద్ధంగా ఉన్నానని ఈ వారమే మొదటిసారి ఆయనతో చెప్పగలిగాను. ప్రస్తుతానికి రేపు ఉదయం తొమ్మిదింటికి బడి తెరవాలి.