పాత సినిమాల డీవీడీల్లో కిరీటాలు తెగుతున్నాయి, తప్పు టీవీదా డిస్కుదా?

గాలిగోపురం (తిరుపతి)
43 అంగుళాల ఎల్ఈడీ టీవీ, హెచ్‌డీఎంఐ ఉన్న డీవీడీ ప్లేయరు. రెండు డిస్కులతో తంటా. రెండింట్లోనూ 1950ల నాటి బ్లాక్ అండ్ వైట్ పౌరాణికాలే. మొదటిది మూడు సినిమాల డిస్కు. అందులో మొహాలు అప్పడాల్లా వెడల్పుగా ఉండాయి, ఎవరన్నా చెయ్యి ఊపితే అంచుల్లో దువ్వెన పళ్ల మాదిరి గీతలు. రెండోదాంట్లో మొహాలు సరిగ్గానే ఉండాయి గానీ కిరీటాలు సగానికి తెగినాయి, పాటల్లో పాదాలు కనపడవు. సెట్టింగుల్లో సరిచేసుకునే దారి ఉందా? స్కోప్ (వెడల్పాటి తెర) సినిమాల సంగతి కూడా తెలిస్తే చెప్పండి.

రీలుడబ్బా (చిత్తూరు)
రెండూ వేర్వేరు జబ్బులన్నా. ముందు కొలత టేపు తీసుకోండి. 43 అంగుళాల తెర సుమారు 95 సెంటీమీటర్ల వెడల్పు, 53.5 ఎత్తు. ఆ కాలపు సినిమా ఫ్రేము వెడల్పు, ఎత్తుల లెక్క 1.37:1, డిస్కులో 4:3. అంటే బొమ్మ 71 సెంటీమీటర్ల వెడల్పే ఉండాలి, అటూ ఇటూ 12 సెంటీమీటర్ల చొప్పున నల్లపట్టీ మిగలాలి. తెలుగులో స్కోప్ వచ్చిందే 1974లో, అల్లూరి సీతారామరాజుతో. 1950ల సినిమా టీవీ నిండా కనిపించిందంటే సాగదీసైనా ఉండాలి, కోసైనా ఉండాలి. మూడో దారి లేదు.

మొదటి డిస్కుది సాగుడు. ప్లేయరు సెటప్‌లో టీవీ టైపు 16:9 అని పెట్టి, టీవీ రిమోట్‌లో పిక్చర్ సైజు 4:3 చేయండి. కొన్ని ప్లేయర్లలో 16:9 పిల్లర్‌బాక్స్ (పక్కన నల్లపట్టీలు వదిలేది) అని విడిగా ఉంటుంది, అదుంటే టీవీని ముట్టుకోనక్కర్లేదు. రథం చక్రం గుండ్రంగా కనిపిస్తే కుదిరినట్టే. టీవీ ఓవర్‌స్కాన్ కూడా ఆపేయండి, లేకుంటే నాలుగు అంచుల్లో కొంచెం కొంచెం మింగేస్తుంది. కంపెనీని బట్టి దాని పేరు జస్ట్ స్కాన్, స్క్రీన్ ఫిట్, ఫుల్ పిక్సెల్ అని మారుతుంది.

దువ్వెన గీతలకు ప్లేయరు అవుట్‌పుట్ 576ఐ (ఫ్రేమును సరి, బేసి గీతల రెండు సగాలుగా పంపేది) చేసి చూడండి, గీతలు కలిపే పని టీవీకి పోతుంది. పాత టెలిసినీ (ఫిల్మును వీడియోకు ఎక్కించిన) టేపుల్లో ఫీల్డులు, అంటే ఆ సగాలు, జత తప్పి, ఒక ఫ్రేములో సగం పక్క ఫ్రేముతో కలిసిపోయి ఉంటాయి. అట్లాంటి డిస్కు ల్యాప్‌టాప్‌లో నయం: వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయరు సాఫ్ట్‌వేర్లో డిస్కు పెట్టి కీబోర్డులో డి నొక్కండి, డీఇంటర్లేస్ (గీతలు కలిపే) మోడ్‌లో యాడిఫ్ 2ఎక్స్ ఎంచుకోండి. అప్పటికీ నీడల్లాగా రెండేసి బొమ్మలు కనపడితే పాల్ (మన టీవీ పద్ధతి) టేపును అమెరికా పద్ధతైన ఎన్‌టీఎస్‌సీకి మార్చేటప్పుడు ఫ్రేములు కలిపేసినారన్నమాట. దానికి మందు లేదు.

కోతలెక్క (మదనపల్లె)
రెండో డిస్కు గురించి. వీఎల్‌సీలో ఏ క్రాపూ లేకుండా చూసినా కిరీటం తెగే ఉంటే, కోత డిస్కు తయారీలోనే పడింది. 4:3 బొమ్మను 16:9లో నింపాలంటే ఎత్తులో నాలుగో వంతు పారేయాల. ఛాయాగ్రాహకుడు కిరీటం పైన జానెడు జాగా వదిలి తీసుంటాడు, ఆ జానెడే ముందు పోతుంది. కలశాలు కోసేసి గోపురం ఫొటో అమ్మినట్టు! నల్లపట్టీ ఉంటే కొనేవాళ్లు టీవీ చెడిపోయిందనుకుంటారని అమ్మేవాళ్ల భయం, అంతే. పాదాలు కొంచెం తక్కువ తెగి తలలు ఎక్కువ తెగితే, కోత నడిమధ్యన కూడా పడలేదని అర్థం, ఎవరూ షాటు షాటుకూ చూసుకోలేదు. ఏ సెట్టింగూ దాన్ని తిరిగి తేలేదు. వేరే ప్రింటు వెతుక్కోవాల్సిందే.

మూడు సినిమాల డిస్కుకు ఇంకో లెక్కుంది. ఒక్కోటి రెండున్నర గంటలైతే మొత్తం ఏడున్నర గంటలు. 4.7 జీబీ డిస్కులో అది సెకనుకు 1.4 మెగాబిట్లు, శబ్దంతో కలిపి. వీసీడీలో వీడియోకే 1.15 ఉండేది, అదీ 352×288 చుక్కలకు. డీవీడీకి 720×576, నాలుగింతలు. డీవీడీ వీడియోకు 9.8 దాకా వాడుకోవచ్చు, వీళ్లు వాడింది వీసీడీ మోతాదు. వాన సీన్లో, పొగలో గళ్లుగళ్లుగా కనిపించేది అందుకే. కంప్యూటర్లో డిస్కు సైజు చూడండి, 4.7 జీబీ డిస్కు విండోస్‌లో 4.37గా కనిపిస్తుంది, దానికి మించితే రెండు పొరలది, కాస్త మేలు.

పెన్‌డ్రైవ్ ప్రసాదం (తిరుపతి)
ఇంత తిప్పలెందుకు సామీ, అవే సినిమాలు యూట్యూబ్‌లో 1080లో ఉండాయి గదా?

రీలుడబ్బా (చిత్తూరు)
1080 అనేది డబ్బా సైజు, లోపలి సరుకు కాదు. అదే పాత టేపును పెద్దది చేసి పెట్టినా 1080 అనే చూపిస్తుంది. టైటిల్స్ దగ్గర ఆపి చూడండి, అక్షరాల చుట్టూ తెల్లటి అంచు మెరిస్తే షార్ప్‌నెస్ రుద్దినట్టు. మొహాలు మైనపు బొమ్మల్లా నున్నగా ఉంటే ఫిల్ముకుండే సన్నటి ఇసుకలాంటి గ్రెయిన్‌తో పాటు చర్మం గీతలూ తుడిచేసినట్టు. మీ టీవీలో కూడా షార్ప్‌నెస్, నాయిస్ రిడక్షన్ తగ్గించి చూడండి.

స్కోప్ సంగతి: టైటిల్స్‌లో మనుషులు వెదురుబద్దల్లా సన్నగా ఉండి, కథ మొదలవగానే మామూలైతే అనుమానించండి. పేర్లు తెగకుండా అంతవరకు నొక్కిపెట్టి, తర్వాత పక్కలు కోసినారు. 2.35:1 ఉండే స్కోప్ ఫ్రేమును 4:3కు కోస్తే మిగిలేది 57 శాతమే, ఇద్దరు మాట్లాడుకునే షాటులో ఒకరి ముక్కు, ఇంకొకరి చెవి మిగులుతాయి. కోయకుండా నాలుగువైపులా నలుపు వచ్చేదైతే అది లెటర్‌బాక్స్, దానికి మాత్రం టీవీలో జూమ్ పెట్టండి. ఏమీ తెగదు, పైనా కిందా ఆరున్నర సెంటీమీటర్ల పట్టీ మిగులుతుంది. అసలు బొమ్మకు 576లో 327 గీతలే దక్కుతాయి కాబట్టి కొంచెం మొద్దుగా ఉంటుంది. వెనక అట్టమీద 16:9 అనామార్ఫిక్ (బొమ్మను పక్కలకు నొక్కి నింపి, చూసేటప్పుడు సాగదీసేది) అని నిజంగా ఉంటే 436 గీతలు.

గాలిగోపురం (తిరుపతి)
4:3 పెట్టినాక 71 వచ్చింది, రథం చక్రం గుండ్రంగా ఉంది. వీఎల్‌సీలో యాడిఫ్‌తో గీతలు పోయినాయి. రెండోది వీఎల్‌సీలోనూ కిరీటం లేకుండానే ఉంది, బిల్లు ఉంది కాబట్టి వెనక్కిస్తా.