చిన్న సినిమా బడ్జెట్‌కి సాఫ్ట్‌వేర్ కొనాలా, గూగుల్ షీట్ సరిపోతుందా?

గోదారిగట్టు: రాజమండ్రి చుట్టుపక్కల 22 రోజుల షూటింగ్. 70 లక్షలు దాటకూడదు. ఇన్నాళ్లూ ఎక్సెల్‌తోనే నెట్టుకొచ్చాను. మొన్న చివర్లో ఒక వరుస చేరిస్తే అది టోటల్‌లో కలవలేదు. జనరేటర్ డీజిల్ లెక్కలోకే రాలేదన్నమాట! నాలుగు రోజుల తర్వాత క్యాషియర్ చెబితే తెలిసింది. మూవీ మ్యాజిక్ అనే బడ్జెట్ సాఫ్ట్‌వేర్ కొనమంటున్నారు. వాడినవాళ్లు చెప్పండి.

పాతమేనేజర్: రెండు సినిమాలకు వాడానండి. పైన టాప్‌షీట్ అంటే మొత్తం లెక్క ఒక్క పేజీలో, దాని కింద అకౌంట్లు, వాటి కింద వివరాలు. అసలు పనికొచ్చేది గ్లోబల్స్. షూటింగ్ రోజులు 22 అని ఒక్కచోట పెడితే కెమెరా అద్దె, భోజనాలు, బేటాలు (రోజువారీ ఖర్చుల డబ్బు) అన్నీ అక్కణ్ణుంచే తీసుకుంటాయి. 24 చేస్తే అన్నీ ఒకేసారి మారతాయి. ఫ్రింజెస్ అని ఇంకోటి ఉంది. అమెరికా వాళ్లు యూనియన్ పింఛను, వైద్యం లాంటివి అందులో శాతాల్లో వేస్తారు. నేనైతే కెమెరా అద్దె మీద 18 శాతం జీఎస్టీ అక్కడ పెట్టేశాను.

కృష్ణానగర్ కుర్రాడు: అన్నా, ఆ గ్లోబల్స్ పని గూగుల్ షీట్‌లోనూ అవుతుందిగా. ఒక గడికి పేరు పెట్టి, ఫార్ములాల్లో ఆ పేరే వాడటం. నేమ్డ్ రేంజ్ అంటారు. 2025 ఆగస్టు సమ్మె తర్వాత కార్మికుల వేతనాలు పెరిగితే రేట్ల షీట్‌లో అంకెలు మార్చాను, అంతే. మూవీ మ్యాజిక్‌కి ఏటా కట్టే ఆ డబ్బేదో లైట్లకు పెట్టుకోవచ్చు.

పాతమేనేజర్: అవుతుంది తమ్ముడూ, నువ్వొక్కడివే ముట్టుకున్నంతకాలం. డైరెక్టర్‌గారు ఫోన్లో తెరిచి ఓ గడి చెరిపేసిన రోజు చెబుదువుగాని.

కృష్ణానగర్ కుర్రాడు: 😂 అందుకే ఆయనకు చూడటానికి మాత్రమే పర్మిషన్ ఇచ్చా.

డల్లాస్ దోస్త్: ఇక్కడ బయటి ఫైనాన్షియర్, కంప్లీషన్ బాండ్ (సినిమా పూర్తవుతుందన్న హామీ) ఉన్న సినిమాలకు మూవీ మ్యాజిక్ ఫైలే అడగడం మామూలు. యాడ్స్ తీసేవాళ్లు మాత్రం హాట్ బడ్జెట్ వాడతారు. అదీ ఎక్సెల్ ఫైలే! మీకు అలాంటి ఫైనాన్షియర్ లేకపోతే ఇప్పుడే కొనక్కర్లేదు.

వైజాగ్ వీడియోలు: నేను తీసేది కంపెనీల వీడియోలు. ఏది వాడినా ఎస్టిమేట్ పక్కన అసలు ఖర్చుకో గడి ఉండాలి. ప్యాకప్ అయ్యాక వోచర్లు అందులో ఎక్కించాకే పడుకుంటాం. మీ డీజిల్ కూడా ఆ రాత్రే దొరికేది. ఇంకోటి, టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేముందే మనం కోసి కట్టే పన్ను. "చేతికి లక్ష రావాలి" అని మాట్లాడుకున్న ఆర్టిస్టుకు 10 శాతం కోత ఉంటే మనకు పడేది 1,11,111. చాలామంది 1,10,000 వేసుకుంటారు. నేనూ వేసుకున్నాను, ఒకసారి.

గోదారిగట్టు: అందరికీ థాంక్స్. రాత్రి కూర్చుని షీట్‌లోనే నేమ్డ్ రేంజ్‌లు పెట్టాను. 22ని 24 చేసి చూస్తే 3 లక్షల 40 వేలు పెరిగింది. పొద్దున్నే డైరెక్టర్‌గారికి చూపించాను. పడవ మీద పాట వద్దులే అన్నారు.