అప్‌డేట్: బాల్యవిద్య కోర్సులో చేరాను

మన దేశంలో బీఎస్సీ చేసి కాలిఫోర్నియా వచ్చిన నేను, ప్రీస్కూల్ టీచర్ కావాలంటే మళ్లీ పూర్తి డిగ్రీ చదవాలా అని ఇదివరకు అడిగాను. అక్కర్లేదు, కమ్యూనిటీ కాలేజీలో (తక్కువ ఫీజుతో చదివించే స్థానిక ప్రభుత్వ కాలేజీ) చేరమన్న అందరికీ కృతజ్ఞతలు. ఇక్కడ లైసెన్సున్న ప్రైవేటు ప్రీస్కూళ్లలో టీచరుగా చేరడానికి బాల్యవిద్యలో 12 యూనిట్లు (కోర్సులకు లెక్కించే క్రెడిట్లు), కొంత అనుభవం ఉంటే చాలు. కమ్యూనిటీ కాలేజీలో రాష్ట్ర నివాసులకు యూనిట్ ఫీజు 46 డాలర్లే.

నాకు బాగా నచ్చింది పరిశీలన తరగతి. కాలేజీ శిశుకేంద్రంలో ఒక మూల కూర్చుని చూసిందే రాయాలి, ఊహించింది కాదు. ‘పాపకు కోపం వచ్చింది’ అంటే మా ప్రొఫెసర్ ఒప్పుకోరు. ‘చెక్కదిమ్మను రెండు చేతులతో తోసింది, పెదవి బిగించింది, తలుపు వైపు చూసింది’ అని రాయాలి. అలా రాశాకే అర్థమైంది, ఆ పాప చూపంతా వాళ్లమ్మ కోసమని. మొండితనమని మనం కొట్టిపారేసేవాటిలో ఎంత బాధ ఉంటుందో!

హెచ్-4 వీసాపై (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబసభ్యులకిచ్చే వీసా) ఉన్నవారు నిరభ్యంతరంగా చదువుకోవచ్చు. ఉద్యోగానికి మాత్రం వర్క్ పర్మిట్ తప్పనిసరి. తట్టు, కోరింత దగ్గు టీకాల పత్రాలు ముందే సిద్ధం చేసుకోండి, శిశుకేంద్రాల్లో పనికి వాటిని అడుగుతారు.