జీసీఎస్ఈలో క్రిస్టియానిటీ పేపర్: రాయనివ్వాలా, మాన్పించాలా?

హౌన్‌స్లో అమ్మ:
మా పాప ఇక్కడ లండన్‌లో ఇయర్ 9 (13-14 ఏళ్ళ పిల్లల క్లాసు). వచ్చే ఏడాది నుంచి రిలీజియస్ స్టడీస్ (మతాల గురించిన సబ్జెక్ట్) జీసీఎస్ఈ, అంటే మన టెన్త్ లాంటి పరీక్ష, అందరూ రాయాల్సిందే అని స్కూల్ నుంచి మెయిల్ వచ్చింది. క్రిస్టియానిటీ, ఇస్లాం ఒక పేపరు, ఇంకో పేపర్లో అబార్షన్, యుద్ధం, ఉరిశిక్ష ఇలాంటివి. మావారేమో లెటర్ రాసి మాన్పించేద్దాం, ఆ టైంలో మ్యాథ్స్ చేసుకుంటుంది అంటున్నారు. నాకు ఎటూ తేలట్లేదు. ఎవరి పిల్లలైనా రాశారా?

నాస్తిక నాన్న:
మాన్పించండి మేడమ్. ఇక్కడి 1944 విద్యా చట్టం నుంచి తల్లిదండ్రులకి ఆ హక్కుంది, కారణం కూడా చెప్పక్కర్లేదు. నీతి నేర్పడానికి బైబిలే ఎందుకండీ? మతం లేనివాళ్ళ ఆలోచనల్ని పక్కనపెట్టి ఈ జీసీఎస్ఈ ఒక్కటి చెప్తే చాలు అన్నందుకు 2015లో హైకోర్టు ప్రభుత్వానికి మొట్టికాయ వేసింది కూడా.

క్రాయ్‌డన్ కుర్రాడి డాడీ:
మావాడు రాసేశాడు కాబట్టి చెప్తున్నా. ఒక స్టేట్‌మెంట్ ఇస్తారు, హంతకుడికి ఉరే సరైన శిక్ష అన్నట్టు, దానికి 12 మార్కులు, ఒప్పుకునేవాళ్ళు ఏమంటారు, కాదనేవాళ్ళు ఏమంటారు, మతం ఏం చెప్తోంది, చివరికి నీ తీర్పేంటి, ఇదంతా రాయాలి. "కంటికి కన్ను" పాత నిబంధనలో ఉంది, రెండో చెంప చూపించమన్నది మత్తయి సువార్తలో ఉంది, రెండూ ఒకే బైబిల్, మావాడు రెండూ పెట్టి ఉరి వద్దని తేల్చాడు. వద్దన్నా కావాలన్నా మార్కులు వాదనకే, నువ్వు దేవుణ్ణి నమ్ముతావా అని అడిగే ప్రశ్నే లేదు. కాకపోతే భోజనాల దగ్గర మా ప్రాణం తీశాడు, గీతలో కృష్ణుడు యుద్ధం చెయ్యమన్నాడు కదా మరి అహింస మాటేంటి అని. మా ఆవిడ పప్పు వడ్డించి టాపిక్ మార్చేసింది 😀

నాస్తిక నాన్న:
వాదనకే మార్కులు అంటే ఎలా బ్రో? ఏక్యూఏ అనే పరీక్షల బోర్డు పేపర్లో 4 మార్కుల ప్రశ్న చూడండి, కొన్ని టాపిక్స్‌లో గ్రేట్ బ్రిటన్ ప్రధాన మతం అని క్రిస్టియానిటీ గురించి రాసి తీరాలి. పైగా బోర్డు లిస్టులో హిందూయిజం కూడా ఉంది, కానీ ఏ రెండు మతాలో తేల్చేది స్కూలు, మన పిల్లలు కాదు.

బెజవాడ కాన్వెంట్ బ్యాచ్:
నేను చదివిన కాన్వెంట్‌లో క్యాథలిక్ పిల్లలు కేటకిజంకి (వాళ్ళ మత పాఠాల క్లాసుకి) వెళ్ళేవాళ్ళు, మిగతా మేమంతా మోరల్ సైన్స్. కథ, కింద నీతి, దాన్ని బట్టీ కొట్టడం. "అబద్ధమాడరాదు" అని రాసిన పరీక్షలోనే పక్కదాని పేపర్లో చూసి ఖాళీలు పూరించాం, సిస్టర్‌కి తెలిసినా ఏమీ అనలేదు. ఇండియాలో పూర్తిగా సర్కారు డబ్బుతో నడిచే బడిలో మతబోధన ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణం, ఎయిడెడ్ బడిలో అయితే మైనర్ పిల్లలకి గార్డియన్ ఒప్పుకోవాలి. ఇక్కడ ఇంగ్లండ్‌లో సర్కారు బడే మతాల గురించి చెప్పాలని చట్టం. అందుకే మనకి ఈ సబ్జెక్ట్ పేరు వినగానే మతం మార్చేస్తారేమో అని భయం. నన్నడిగితే ఆ బట్టీ నీతుల కన్నా ఈ 12 మార్కుల గొడవ వెయ్యి రెట్లు నయం.

కవర్ టీచర్:
మాన్పిస్తే మ్యాథ్స్ చెప్తారని అనుకోకండి. ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి, అంతవరకే స్కూల్ బాధ్యత, వేరే పాఠం చెప్పక్కర్లేదు. నేను చూసినంతలో లైబ్రరీలో ఓ మూల కూర్చోబెడతారు. మొత్తం సబ్జెక్ట్ మాన్పించడం ఇష్టం లేకపోతే కొంత భాగం వరకే మాన్పించొచ్చు కూడా. ఇది ఇంగ్లండ్ సంగతి, వేల్స్‌లో 2022 నుంచి వస్తున్న కొత్త కరిక్యులంలో ఆ హక్కు తీసేశారు.

హౌన్‌స్లో అమ్మ:
లైబ్రరీ మూల అనేసరికి మావారు కొంచెం మెత్తబడ్డారు. పాపనే అడిగా, ఉరిశిక్ష టాపిక్ కావాలి, బాప్తిస్మం రకాలు బోర్ అంది. పాత పేపర్లు ఎక్కడ దొరుకుతాయండీ?

క్రాయ్‌డన్ కుర్రాడి డాడీ:
బోర్డు సైట్‌లోనే ఫ్రీ. మార్క్ స్కీమ్ కూడా దించుకోండి, అసలు సంగతి అందులోనే ఉంటుంది.

నాస్తిక నాన్న:
సరే మీ ఇష్టం. మా చిన్నదానికి మాత్రం లెటర్ రాస్తున్నా.