11 నెలల పాపకి రెండోసారి మత్తు: మెదడు ఎదుగుదల గురించి అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

అందరికీ నమస్కారం. మా పాపకి పుట్టుకతోనే గ్రహణం మొర్రి. 4వ నెలలో పెదవికి ఆపరేషన్ అయింది, వచ్చే నెల అంగిలికి. మళ్లీ పూర్తి మత్తు, ఈసారి రెండున్నర గంటలు పట్టొచ్చన్నారు.

మొదటిసారి మాస్క్ పెట్టినప్పుడు నా వేలు గట్టిగా పట్టుకుంది. కాసేపటికే ఆ పట్టు సడలిపోయింది. తలుచుకుంటే ఇప్పటికీ గుండె జారిపోతుంది.

3 ఏళ్లలోపు పిల్లలకి 3 గంటలు దాటిన మత్తు, లేదా పదేపదే ఇచ్చే మత్తు ఎదిగే మెదడుపై ప్రభావం చూపవచ్చని 2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. గంటలోపు ఒక్కసారి మత్తు తీసుకున్న పసిపిల్లల్ని 5 ఏళ్లప్పుడు పరీక్షిస్తే ఐక్యూలో తేడా లేదని గ్యాస్ (GAS) అనే అంతర్జాతీయ అధ్యయనంలో తేలింది. కానీ మా పాప ఆ లెక్కలోకి రాదు కదా! అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రి 2018 నాటి అధ్యయనంలో పలుసార్లు మత్తు తీసుకున్న పిల్లల ఐక్యూ బాగానే ఉన్నా, చేతివేళ్ల నేర్పులో, ఆలోచన వేగంలో కాస్త వెనకబాటు కనిపించింది. అది మత్తు వల్లో, అసలు జబ్బు వల్లో విడదీసి చెప్పడం కష్టమట.

వాయిదా వేస్తే మాట స్పష్టంగా రాదు, కాబట్టి ఆపరేషన్ చేయిస్తాం. అందులో అనుమానం లేదు.

మీ పిల్లలకి ఏడాదిలోపే రెండు మూడుసార్లు మత్తు ఇచ్చారా? ఇప్పుడు బడిలో రాయడం, గుండీలు పెట్టుకోవడం ఎలా ఉన్నాయి? చెవిలో నీరు చేరకుండా వేసే చిన్న గొట్టాలు కూడా అదే మత్తులో వేయించేస్తే ఇంకోసారి తప్పుతుందా? మత్తు డాక్టర్‌ని ముందుగా ఏమేం అడగాలి? ఆ రంగంలో ఉన్నవారెవరైనా ఉంటే దయచేసి చెప్పండి.