పాత మారుతి 800 బానెట్ లాక్ సరిగ్గా పడటం లేదు, మొత్తం మార్చాల్సిందేనా?

కాజీపేట_800: మాది 2007 మోడల్ మారుతి 800, నాన్న వాడిన బండి, అమ్మే ఆలోచన లేదు. కొన్నాళ్లుగా బానెట్ లాక్ సతాయిస్తోంది. ఎంత గట్టిగా వేసినా ఒక్కోసారి సగంలోనే ఆగిపోతుంది, తీద్దామంటే స్టీరింగ్ కింది లివర్ వదులుగా వచ్చేస్తుంది గానీ బానెట్ లేవదు. నిన్న జనగామ నుంచి వస్తుంటే స్టేషన్ ఘన్‌పూర్ దాటాక ముందు అంచు దడదడలాడింది. పక్కకు ఆపి చూస్తే బానెట్ రెండో కొక్కెం మీదే నిలబడి ఉంది. మెకానిక్ లాక్ మొత్తం మార్చాలంటున్నాడు. మార్చకుండా బాగుచేసుకున్నవాళ్లు ఉన్నారా?

భూపాలపల్లి_డ్రైవర్: తమ్మీ, బాగయ్యేదాకా ఆ బండిని హైవే ఎక్కించకు. మెయిన్ లాక్ వదిలేసినా బానెట్ లేచి అద్దానికి కొట్టుకోకుండా ఆపేది ఆ రెండో కొక్కెమే, అదీ వదిలిందంటే 80 స్పీడ్‌లో ముందు రోడ్డే కనపడదు. తాడు కట్టి నడిపేవాళ్లను చూశాను, దయచేసి ఆ పని చేయకు.

ఇక లాక్ సంగతి. మా వైపు బొగ్గు లారీల దుమ్ము, ఆ దుమ్ము పాత గ్రీజులో కలిసి గట్టిపడితే లాక్ లోపలి నాలుక తిరిగి తన చోటికి రాదు, మెకానిక్ అరిగిపోయింది అంటాడు. ఇంజిన్ చల్లబడ్డాక కిరోసిన్, పాత టూత్‌బ్రష్ తీసుకొని కడుగు, నల్లటి ముద్ద ఊడి వస్తుంది. బాగా ఆరనిచ్చి కొద్దిగా కొత్త గ్రీజు పెట్టు. ఇంజిన్ ఆయిల్ మాత్రం పోయకు, అది కారిపోతుంది, మళ్లీ దుమ్ము పట్టుకుంటుంది. తర్వాత బానెట్ పైకే ఉంచి స్క్రూడ్రైవర్‌తో నాలుకను నొక్కు, టక్కున పడాలి, లోపల లివర్ లాగితే టక్కున వదలాలి. ఇది చూడకుండా బానెట్ వేయొద్దు, లోపల ఇరుక్కుంటే గ్రిల్ ఊడదీయాల్సి వస్తుంది.

కరీంనగర్_ఇండికా: లివర్ వదులుగా వస్తోందంటే కేబుల్ కూడా చూడాలి తమ్ముడూ. లాక్ దగ్గర కేబుల్ పై తొడుగును ఒక క్లిప్ పట్టి ఉంచుతుంది, అది జారితే నువ్వు లాగినప్పుడు తొడుగుతో సహా కదులుతుందే తప్ప లోపలి తీగ లాక్‌ను లాగదు. మా బండికి జరిగింది అదే, క్లిప్‌ను చోటులో కూర్చోబెడితే సరిపోయింది, ఏదీ కొనలేదు. తీగ పోగులు తెగుతుంటే మాత్రం ఆలోచించకుండా కొత్త కేబుల్ వేయించు, ధర పెద్దగా ఉండదు. ఈలోగా బానెట్ బిగుసుకుపోతే ఒకరు లోపల లివర్ లాగి పట్టుకోవాలి, ఇంకొకరు లాక్ ఉన్నచోట బానెట్‌ను అరచేత్తో కిందికి అదిమి వదలాలి. చాలాసార్లు వచ్చేస్తుంది.

ములుగు_రోడ్: ఎప్పుడైనా ముందు డెంటింగ్ చేయించారా? అయితే కొక్కెం లాక్‌కు ఎదురుగా పడకపోవచ్చు. బోల్టులు వదులు చేసే ముందు లాక్ చుట్టూ మార్కర్‌తో గీత గీసుకోండి, లేకపోతే పాత చోటు దొరకదు. కొద్దికొద్దిగా జరిపి చూడాలి. రెండు మూలల్లో ఉండే రబ్బరు గుండీలు కూడా చూడండి, ఎక్కువ పైకి ఉంటే లాక్ పడదు, గుండీలు అసలు లేకపోతే లాక్ పడినా బానెట్ అదురుతుంది.

కాజీపేట_800: అందరికీ థాంక్స్. కడిగాక చూస్తే నాలుక బాగానే ఉంది, స్ప్రింగ్ ఒక్కటే సాగిపోయింది. పాత సామాన్ల దుకాణంలో అదే కొలత స్ప్రింగ్ దొరికింది. అక్కా, క్లిప్ మీరు చెప్పినట్టే జారి ఉంది. ఇప్పుడు ఒక్క వేటుకే పడుతోంది.

భూపాలపల్లి_డ్రైవర్: రెండో కొక్కెం చూశావా? లివర్ లాగాక దాన్ని విడిపించకుండా బానెట్‌ను పైకి ఎత్తి చూడు, రాకూడదు.

కాజీపేట_800: చూశాను అన్నా, రాలేదు. దానికీ గ్రీజు పెట్టాను. ఎడమ పక్క రబ్బరు గుండీ ఒకటి లేదు, అది వేశాకే జనగామ వైపు తీస్తాను.