అప్‌డేట్: ఎండలో మారథాన్ పూర్తయింది

ఎండలో 42.195 కిలోమీటర్లు అనుకున్న వేగంతోనే పరిగెత్తాలా, తగ్గించాలా అని మొన్న అడిగాను కదా. తగ్గించాను. వాచీలో వేగం వదిలేసి గుండె రేటు చూసుకోమన్న సలహా బాగా పనిచేసింది. సగం దాటాక అదే వేగానికి గుండె ఇంకా వేగంగా కొట్టుకుంది. ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది మరి!

టోపీలో ఐస్ ముక్కలు వేసుకుంటే ప్రాణం లేచొచ్చింది. కాకపోతే కరిగిన నీళ్లు కారి సాక్సులు తడిసి, మడమ మీద బొబ్బ లేచింది. దాహమేస్తేనే తాగాను, నీళ్లు అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుందని హెచ్చరించిన వాళ్లకు థ్యాంక్స్. ఒళ్లు ఎండకు అలవాటు పడాలంటే 10–14 రోజులు కావాలన్నారు, ఆ ప్రాక్టీసే అన్నిటికన్నా ఎక్కువ కలిసొచ్చింది. టైమింగ్ మాత్రం అడగొద్దు. చివర్లో నడిచాను కూడా. తర్వాతి రేసు చలికాలంలోనే.